గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు: క్యాంప్ 2 ముంగిట సాగే చరిత్ర

భిలాయ్‌లో ఎవరినైనా ఆపి జాతీయ రహదారి 53 ఎక్కడని అడిగితే ఒక్క క్షణం తటపటాయిస్తారు. జీఈ రోడ్డు ఎక్కడని అడిగితే వెంటనే చేయి చాపి చూపిస్తారు. జీఈ అంటే గ్రేట్ ఈస్టర్న్. తెల్లవాడు పెట్టిన పేరు. స్వాతంత్ర్యం వచ్చాక దానికి జాతీయ రహదారి 6 అని సంఖ్య ఇచ్చారు. 2010లో దేశంలోని రహదారులన్నింటికీ కొత్త సంఖ్యలు ఇచ్చినప్పుడు అది 53 అయింది. సంఖ్యలు ఢిల్లీ గెజెట్‌లో మారుతూ వచ్చాయి. ఆటో డ్రైవరు నోట మాత్రం నూట అరవై ఏళ్ల నాటి పాత పేరే నిలిచింది. ఒక రోడ్డు పేరు ప్రభుత్వాలకంటే ఎక్కువకాలం బతికిందంటే, ఆ రోడ్డును ఎవరు ఎవరికోసం వేశారన్న ప్రశ్న కూడా బతికి ఉన్నట్టే.

రాయపూర్ నుంచి పడమరగా బయలుదేరితే ఖారున్ నది దాటాక కుమ్హారీ, చరోదా, ఖుర్సీపార్, పవర్ హౌస్, సుపేలా, నెహ్రూ నగర్ వరుసగా వస్తాయి. ఆ తరువాత దుర్గ్, శివనాథ్ నది, రాజ్‌నందగావ్, భండారా, నాగపూర్. భిలాయ్ పొడవునా ఈ రోడ్డుకు సమాంతరంగా ముంబయి–హౌరా రైలు మార్గం సాగుతుంది. రోడ్డుకూ పట్టాలకూ దక్షిణాన ఉక్కు కర్మాగారమూ, చెట్ల నీడలో వరుసగా సెక్టార్లుగా తీర్చిన టౌన్‌షిప్పూ ఉంటాయి. ఉత్తరాన క్యాంప్ 1, క్యాంప్ 2, వాటి వెనుక జాముల్ వైపు విస్తరించిన ప్రైవేటు కర్మాగారాలు. పవర్ హౌస్ చౌక్‌లో నిలబడితే ఈ రెండు లోకాలనూ ఒకే చోటినుంచి చూడవచ్చు. ఈ ప్రాంతపు రాజకీయాన్ని అర్థం చేసుకోదలచినవారు విధానసభకంటే ముందు ఈ కూడలికి రావాలని నా అభిప్రాయం.

మొదలు నుంచి చెప్పుకుందాం. 1854లో డల్హౌసీ నాగపూర్ భోంస్లే రాజ్యాన్ని వారసుడు లేడన్న నెపంతో కలిపేసుకున్నాడు. దానితోపాటు ఛత్తీస్‌గఢ్ కూడా కంపెనీ చేతికి చిక్కింది. 1861లో మధ్య పరగణాలు అనే కొత్త పాలనా విభాగం ఏర్పడింది. దాని తొలినాటి చీఫ్ కమిషనర్లలో ఒకడైన రిచర్డ్ టెంపుల్‌కు తన ఏలుబడిలోని నేల ఎంత సారవంతమో, ఎంత దూరమో రెండూ బాగా తెలుసు. నాగపూర్ నుంచి నాలుగు దిక్కులా పెద్ద రోడ్లు వేయాలన్న ఆలోచన ఆ కాలానిదే. తూర్పుగా భండారా, రాయపూర్ మీదుగా సంబల్‌పూర్ దిశగా సాగేది గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు అయింది. ఆ పేరులోని తూర్పు నాగపూర్ కచేరీ నుంచి చూస్తే కనిపించే తూర్పు. ఛత్తీస్‌గఢ్ రైతు వైపు నుంచి చూస్తే అది పంట పడమరకు తరలిపోయే దారి.

రోడ్డు లేనప్పుడు ఇక్కడ వ్యాపారం లేదని అనుకోరాదు. ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని నడిచే బంజారాలే అప్పటి రవాణా వ్యవస్థ. ఛత్తీస్‌గఢ్ మైదానంలో పండిన వరి, గోధుమ వాళ్ల గోతాలలోనే నాగపూర్ చేరేది. తిరుగు ప్రయాణంలో ఉప్పు వచ్చేది. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి 1865 వరకు లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైనప్పుడు బేరార్, నాగపూర్ రైతులు పత్తి సాగువైపు మళ్లారు. పత్తి పండించే నేలకు తిండిగింజలు బయటినుంచి రావాలి. 1867లో బొంబాయి రైలు నాగపూర్‌కు చేరింది. ఆ రైలుపెట్టెలకు తూర్పునుంచి సరుకు అందించడానికి పక్కా రోడ్డు కావలసివచ్చింది. మాంచెస్టర్ మగ్గానికీ శివనాథ్ ఒడ్డు వరిచేనుకూ మధ్య ముడి ఇలా పడింది.

ఆ ముడి బిగిసినప్పుడు ఏమి జరుగుతుందో 1896–97లోనూ, మళ్లీ 1899–1900లోనూ తెలిసింది. రెండు ఘోర కరువులు మధ్య పరగణాలను కుదిపేశాయి. కరువు సహాయం కింద ప్రభుత్వం చూపిన ప్రధానమైన పని రాళ్లు కొట్టడం, రోడ్లు వేయడం. ఆడవాళ్లు, పిల్లలు సైతం కంకర కుప్పల దగ్గర కూర్చుని, కొట్టిన కొలతను బట్టి కూలి పొందారు. పంటను బయటికి పంపిన దారుల మీదనే పంట లేని ఏడాది ఆకలిగొన్నవారు రాళ్లు కొట్టవలసివచ్చింది. మన గోదావరి, కృష్ణా జిల్లాల పెద్దలు డొక్కల కరువును తలచుకున్నట్టే ఛత్తీస్‌గఢ్ పల్లెల వారు ఆ కరువులను తలచుకుంటారు. ఊళ్లు వదిలినవారు అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లారు. వలస పోయే నేలగా ఛత్తీస్‌గఢ్‌కు అప్పుడే ముద్ర పడింది. మరో అరవై ఏళ్లకు అదే నేల వలసలను ఆహ్వానించేదిగా మారడం వింతగొలిపే మలుపు.

ఈలోగా రోడ్డు ప్రాభవం తగ్గింది. 1880ల తొలి సంవత్సరాలలో నాగపూర్ నుంచి రాజ్‌నందగావ్ వరకు చిన్న రైలు మార్గం వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని పెద్ద లైనుగా మార్చి తూర్పుగా పొడిగించింది. సరుకంతా పట్టాలెక్కింది. రైలుతోపాటు మిల్లూ, మిల్లుతోపాటు సమ్మే వచ్చాయి. రాజ్‌నందగావ్ బట్టల మిల్లులో 1920లో ఠాకూర్ ప్యారేలాల్ సింగ్ నాయకత్వాన జరిగిన సమ్మె మధ్య భారతంలో తొలినాటి పెద్ద కార్మిక పోరాటాలలో ఒకటి. ఈ దారి పక్కన కార్మికుల గొంతు లేచిన కాలం, గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చిన కాలం ఒకటే. జాతీయోద్యమ చరిత్ర రాసేటప్పుడు మనం ఈ రెండో గొంతును పాదసూచికలోకి నెట్టడం అలవాటు చేసుకున్నాం.

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారానికి దుర్గ్ జిల్లాలోని భిలాయ్ అనే పల్లె చుట్టుపక్కల స్థలాన్ని నిర్ణయించారు. దీని కోసం అప్పటి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా పట్టుబట్టడం అందరికీ తెలిసినదే. అయితే ఆయన పట్టుదలకు భూగోళం సాయపడింది. దక్షిణాన దల్లీ రాజ్‌హరా కొండలలో నాణ్యమైన ఇనుప ఖనిజం, ఉత్తరాన నందినిలో సున్నపురాయి, తాండులా జలాశయం నీరు, ఎదురుగా ప్రధాన రైలు మార్గం, పక్కనే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. పత్తి కాలం కోసం వేసిన దారి ఉక్కు కాలానికి అక్కరకు వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుంచి దేశంలో రైలు నడిచే పట్టాలకు భిలాయ్ పుట్టిల్లు అయింది.

ఫర్నేసు వెలగడానికి ముందు నేల తవ్వాలి, పునాదులు పోయాలి, ఇనుప చట్రాలు నిలబెట్టాలి. ఆ పనికి వేలాదిగా వచ్చినవారికి రోడ్డుకు ఉత్తరాన శిబిరాలు వేశారు. వాటికి క్యాంప్ 1, క్యాంప్ 2 అని లెక్క పెట్టారు. కర్మాగారం పూర్తయితే శిబిరాలు ఎత్తివేస్తారని అందరూ అనుకుని ఉంటారు. కర్మాగారం పూర్తయింది, విస్తరించింది, మళ్లీ విస్తరించింది. శిబిరాలు ఎత్తలేదు. గుడిసెలు ఇటుక గోడలయ్యాయి. గోడల మధ్య బజార్లు, గుడులు, మసీదులు, బడులు వెలిశాయి. మనవలు పుట్టారు. ఊరి పేరు మాత్రం శిబిరమే. దక్షిణాన ఇంటి సంఖ్య, వీధి సంఖ్య, సెక్టారు సంఖ్య ఉన్న టౌన్‌షిప్పు. ఉత్తరాన ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ చేయవలసినదన్నట్టు పిలిచే పేరు. ప్రణాళికా యుగం తన పౌరులను ఇలా రెండు రకాలుగా నమోదు చేసుకుంది.

ఈ కథలో తెలుగువారి వాటా చిన్నది కాదు. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. విశాఖ రేవుకు మధ్య పరగణాల సరుకు చేర్చడం దాని ఉద్దేశం. సరుకు దిగువకు వచ్చిన దారిలోనే ఉత్తరాంధ్ర మనుషులు ఎగువకు వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట పల్లెల నుంచి వచ్చినవారు రాయపూర్‌లో బండి మారి పవర్ హౌస్ స్టేషనులో దిగారు. చదువుకుని ఉద్యోగం దొరికినవారు పట్టాలకు దక్షిణాన సెక్టార్లలో కుదురుకున్నారు. తట్ట, పలుగు పట్టినవారు ఉత్తరాన క్యాంపులలో, ఖుర్సీపార్‌లో ఆగిపోయారు. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయంలో ఇరుపక్కల వారూ కలుసుకుంటారు. పండుగ ముగిశాక మళ్లీ ఎవరి వైపుకు వారు వెళతారు. ప్రవాసాంధ్రులను ఒకే సమూహంగా లెక్కవేసి గర్వపడే మనం ఆ తిరుగు ప్రయాణాన్ని కూడా చూడాలి.

ఎందుకంటే ఉక్కు నగరంలో కులంకంటే, భాషకంటే బలమైన గీత ఒకటి ఉంది. కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి, పింఛను ఉంటాయి. అదే గేటులోనుంచి లోపలికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి ఆ రోజు కూలి ఉంటుంది. ఇక్కడ గుత్తేదారును ఠేకేదార్ అంటారు. కూలివాడి జీవితంలో ప్రభుత్వమంటే అతడే. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. నిత్యం సాగే పనిలో గుత్త విధానాన్ని నిషేధించే అధికారం అది ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని వాడినవారు తక్కువ. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. అర్ధశతాబ్దం గడిచినా క్యాంప్ 2 కార్మికుడు ఉదయం రోడ్డు, పట్టాలు దాటి వెళ్లి సాయంత్రం తిరిగి దాటి రావడం మారలేదు.

ఈ గీతను ప్రశ్నించినవాడు శంకర్ గుహా నియోగి. భిలాయ్ కోక్ ఓవెన్లలో పనిచేసిన నియోగి, ఉద్యోగం పోయాక దల్లీ రాజ్‌హరా గనుల గుత్త కార్మికులను సంఘటితం చేశాడు. 1977 జూన్‌లో అక్కడ జరిగిన పోలీసు కాల్పులలో పదకొండు మంది మరణించారు. ఆ సంఘం చెదిరిపోలేదు. 1983లో కార్మికులు తమ చెమటతో, చందాలతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకున్నారు. 1990 తరువాత నియోగి తన కార్యక్షేత్రాన్ని భిలాయ్ ప్రైవేటు కర్మాగారాలకు మార్చాడు. బతకగలిగే వేతనం, ఉద్యోగ భద్రత, సంఘం పెట్టుకునే హక్కు అతని కోరికలు. ఇవేవీ విప్లవ నినాదాలు కావు, రాజ్యాంగం మాట ఇచ్చినవే. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున నిద్రలో ఉండగా కిటికీలోనుంచి కాల్చి చంపారు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా కొందరిని దోషులుగా తేల్చింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చిన ఒక్కడి శిక్షనే నిలిపింది. తుపాకి ఎవరు పట్టించారన్న ప్రశ్నకు న్యాయస్థానంలో సమాధానం దొరకలేదు.

నియోగి లేని తొమ్మిది నెలలూ పని పోగొట్టుకున్న కార్మికులు పోరాడుతూనే ఉన్నారు. 1992 జూలై 1న కుటుంబాలతో కలిసి పవర్ హౌస్ స్టేషనులో పట్టాల మీద కూర్చున్నారు. భిలాయ్‌లో తయారైన పట్టాల మీద భిలాయ్ కార్మికులే కూర్చున్నారని గుర్తుంచుకోవాలి. సాయంత్రం పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు కార్మికులు చనిపోయారు. భోపాల్‌లో సుందర్‌లాల్ పట్వా ప్రభుత్వం ఉంది. ఢిల్లీలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం సరళీకరణ రెండో ఏడాదిలో ఉంది. అధికార పార్టీలు వేరు, మౌనం ఒకటే. ప్రతి ఏటా జూలై 1న ఆ స్టేషను దగ్గర మృతులను స్మరించడానికి జనం చేరుతారు. పక్కనే జీఈ రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే వెళుతుంటాయి.

క్యాంపు అన్న మాటను ఇంకొంచెం దూరం అనుసరిద్దాం. అది మనల్ని తెలుగు నేల సరిహద్దుకు చేరుస్తుంది. రాయపూర్ దగ్గర మానా శిబిరంలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులను ఉంచి, అక్కడినుంచి దండకారణ్యానికి తరలించారు. రాయపూర్‌లో జీఈ రోడ్డును వదిలి దక్షిణంగా జగదల్‌పూర్, కొంటా మీదుగా భద్రాచలం వచ్చే దారి నేటి జాతీయ రహదారి 30. 2005 తరువాత సల్వా జుడూం పేరిట ఆదివాసీ పల్లెలను ఖాళీ చేయించి ఆ దారి పక్కనే దోర్నాపాల్, ఎర్రబోరు, కొంటాలలో శిబిరాలు పెట్టారు. వాటికి భయపడినవారు గోదావరి పరివాహక అడవులలోకి పారిపోయి వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ప్రయోగాన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కర్మాగారం కోసం ఒక శిబిరం, విభజన వల్ల ఒక శిబిరం, యుద్ధం పేరిట ఒక శిబిరం. కారణాలు వేరు, వాటి న్యాయాన్యాయాలు వేరు. అయితే మూడింటిలోనూ ప్రజలను రోడ్డు పక్కన తాత్కాలికంగా ఉంచడం, తరువాత వాళ్ల సంగతి మరచిపోవడం సమానం.

ఇప్పుడు రోడ్డు మళ్లీ మారుతోంది. దుర్గ్ బైపాస్ దేశంలో ప్రైవేటు పెట్టుబడితో నిర్మించి టోలు వసూలు చేసిన తొలినాటి మార్గాలలో ఒకటి. భిలాయ్ లోపల రద్దీ కూడళ్ల మీద ఫ్లైఓవర్లు లేచాయి. దుర్గ్ నుంచి రాయపూర్‌ను తప్పించి ఆరంగ్ చేరే ఆరు వరుసల కొత్త రహదారి పని సాగింది. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆర్థిక కారిడార్ కూడా రూపుదిద్దుకుంటోంది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్–విశాఖ వందే భారత్ మొదలైంది. ఇవన్నీ అవసరమైనవే. లారీలు ఊరి మధ్య నుంచి వెళ్లకపోతే ప్రాణాలు నిలుస్తాయి, పొగ తగ్గుతుంది. అందువల్ల బైపాస్‌ను వ్యతిరేకించమని నేను చెప్పను. దాని తరువాత పాత రోడ్డు గతి ఏమిటని మాత్రం అడుగుతాను.

ఇలాంటి ప్రశ్న కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి మనకంటే ముందే ఎదురైంది. విండ్సర్ నుంచి టొరంటో, కింగ్‌స్టన్ మీదుగా క్యూబెక్ సరిహద్దు వరకు సాగిన హైవే 2 ఆ రాష్ట్రానికి ఒకప్పుడు ప్రధాన వీధి. దానికి సమాంతరంగా 401 అనే వేగ రహదారి 1968 నాటికి పూర్తయింది. 1997, 98 సంవత్సరాలలో ఖర్చు తగ్గించుకునే పనిలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం పాత హైవే 2 భాగాలను స్థానిక సంస్థలకు అప్పగించింది. వందల కిలోమీటర్ల ఆ రహదారిలో రాష్ట్రం చేతిలో ఇప్పుడు మిగిలింది గనానోక్వే దగ్గర సుమారు ఒక కిలోమీటరు. రోడ్డు మాయం కాలేదు, ఇళ్లూ దుకాణాలూ అక్కడే ఉన్నాయి. మరమ్మతు భారం మాత్రం చిన్న మునిసిపాలిటీల మీద పడింది. మన దేశంలోనూ బైపాస్ పూర్తయ్యాక ఊరిలోని పాత భాగాన్ని ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి అప్పగించే విధానం ఉంది. అక్కడినుంచి ఆ భారం ఎవరి భుజానికి జారుతుందో ఊహించడం కష్టం కాదు.

భిలాయ్ విషయంలో ఆ భుజం మరీ బలహీనమైనది. దక్షిణాన టౌన్‌షిప్పును కర్మాగార యాజమాన్యం చూసుకుంటుంది. ఉత్తరాన క్యాంపుల బాధ్యత 1998లో ఏర్పడిన నగర నిగమ్‌ది. జాతీయ రహదారి అన్న హోదా పోయిన నాడు కేంద్ర నిధి పోతుంది. రోడ్డు మాత్రం క్యాంప్ 2 గుమ్మం ముందే ఉంటుంది, దాటవలసినవారు అప్పుడూ దాటుతూనే ఉంటారు. నేల మీద హక్కు సంగతి కూడా ఇలాగే ఉంది. 1984లో అర్జున్ సింగ్ ప్రభుత్వం పట్టణాలలో భూమి లేని పేదలకు పట్టాలిచ్చే చట్టం తెచ్చింది. నాలుగు దశాబ్దాలు గడిచాయి, 2000 నవంబర్ 1న ప్రత్యేక రాష్ట్రమూ వచ్చింది. పట్టా ఇంకా ఎన్నికల వాగ్దానంగానే తిరిగి తిరిగి వస్తోంది. అందిపోయిన హక్కును ఏ పార్టీ అయినా మళ్లీ వాగ్దానం చేయనవసరం ఉండదు కదా.

విశాఖ ఉక్కు మీద చర్చ జరిగిన ప్రతిసారీ మనం కర్మాగారం ఎవరిదన్న ప్రశ్న వేస్తున్నాం. వేయవలసిన ప్రశ్నే అది. భిలాయ్ చరిత్ర దానికి మరొకటి జోడిస్తుంది. కర్మాగారం ప్రభుత్వానిదైనప్పుడు కూడా గేటు బయట నిలిచినవాడు ఎవరివాడు? ప్రభుత్వ రంగాన్ని కాపాడాలని గొంతెత్తేవారు ఆ రంగం నీడలోనే పెరిగిన గుత్త విధానాన్ని కూడా పట్టించుకుంటేనే కాంట్రాక్టు కార్మికుడు వారి వెంట నడుస్తాడు. లేకపోతే అతడు నడవలేదని నిందించే హక్కు మనకు లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈసారి ఎవరైనా నాయకుడు కొత్త కారిడార్‌కు జెండా ఊపినప్పుడు మూడు విషయాలు అడగాలి. పాత జీఈ రోడ్డు నిర్వహణకు ఏటా ఎంత కేటాయిస్తారు? పవర్ హౌస్ దగ్గర కాలినడకన రోడ్డు, పట్టాలు దాటేవారికి భద్రమైన దారి ఎప్పటికి వస్తుంది? క్యాంప్ 2లో మూడో తరం నివసిస్తున్న ఇంటికి కాగితం ఎప్పుడు ఇస్తారు? ఈ మూడింటికి తేదీలతో జవాబు రానంతవరకు ఆ ఊరి పేరులోని క్యాంపు అన్న మాట సరిగ్గానే ఉందని ఒప్పుకోవలసివస్తుంది.